తేడా కాగితం

మూత 3వ రోజు

ఈ పుస్తకం అట్టమీద 'శిక్షణార్థి దినచర్య' అని ఉంది. లోపల ప్రతి పేజీ నెత్తినా ఒకటే ప్రశ్న అచ్చేశారు: ఈ రోజు ఏం నేర్చుకున్నారు?

ఈ రోజు నేర్చుకున్నదేమిటంటే, నూట ముప్పై రోజులన్నది చాలా పెద్ద లెక్క. మొన్న పొద్దున తలుపు పడింది, దీన్నే ఇక్కడ మూత అంటారు. పైన నేలమీద యాభై నాలుగు డిగ్రీలు. వానలు పడి నేల చల్లారేదాకా ఆ తలుపు ఎవరికోసమూ తెరవరు. అంతదాకా ఈ పాత బొగ్గు గనిలో తొమ్మిది వందల మంది, వాళ్ల మధ్య నేను. పేరు హైమవతి, వయసు ఇరవై ఎనిమిది, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఎత్తు ఎందుకు రాశానంటే నా గది కప్పు ఐదడుగుల ఐదు.

కిరణాల చికిత్స గదికి పైన అయితే మీటరున్నర మందాన కాంక్రీటు గోడ కట్టాలి. ఇక్కడ చుట్టూ భూమే కాబట్టి ఆ బాధ లేదు. అందుకని ఆసుపత్రిని కింద పెట్టారు, నేర్చుకోమని మమ్మల్నీ కిందికే తోశారు. పుస్తకాల చదువు నాలుగేళ్లు పైన, చేతి పని కింద, ఒక మూత కాలం. పాసైతే అరకు కొండమీది ఆసుపత్రిలో ఉద్యోగం. కిటికీ ఉన్న గది ఇస్తామని కాగితం మీద రాసిచ్చారు. నా భర్త విశ్వం అక్కడే బస్సు నడుపుతాడు. పెళ్లై పదకొండు నెలలు. అతనికి ఉబ్బసం. నాతో వస్తానని లిఫ్టు దాకా వచ్చాడు పాపం. డాక్టరు గొట్టంలో ఊదించి చూసి, ఈ బొగ్గు గాలికి నువ్వు వారం బతకవని వెనక్కి పంపేశాడు.

ఫెయిలైతే చేతి పని మళ్లీ మొదటినుంచి, ఇక్కడే ఇంకో రెండేళ్లు. మధ్యలో తలుపు తెరిచినా పైకి పంపరట. పంపితే తిరిగి రారని వాళ్ల అనుభవం.

మూత 5వ రోజు

మా గురువు పోశం సారు. అరవై ఏళ్ల మనిషి, మాటలు తక్కువ. "రోగికి పెట్టేది ఏదైనా ముందుగాల మీకు పెడత," అన్నారు, పెట్టారు.

వేడినీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జల్లెడ రేకు తీసుకొచ్చి మొహం మీద పరిచారు. ఐదు నిమిషాల్లో అది గట్టిపడి నా ముక్కు, నా గడ్డం, నా కనురెప్పల ఆకారంలో ముసుగైపోయింది. దాన్ని బల్లకు ఏడు చోట్ల బిగించారు. రోగి తల వెంట్రుకవాసి కదిలినా కిరణం తప్పుతుంది కాబట్టి అంత బిగింపు. పన్నెండు నిమిషాలు అలా ఉండాలి.

నాలుగో నిమిషంలో బల్లను రెండు చేతులతో బాదాను. సారు విప్పారు. నీళ్లిచ్చారు. "మళ్లా పండు," అన్నారు. మూడోసారికి పన్నెండు నిమిషాలూ ఉన్నాను. నాతోపాటు వచ్చిన దస్తగిరి, నంద్యాల వైపు అబ్బాయి, మొదటిసారికే ఉండి లేచి, "నిద్ర పట్టింది సార్," అన్నాడు. వాడి నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

మూత 11వ రోజు

మా పని యంత్రం నడపడం కాదు. కిరణం ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో ముందే గీసి చూపడం. రోగి తలనూ మెడనూ సన్నటి పొరలుగా తీసిన బొమ్మలు తెరమీదికి వస్తాయి. ఒక్కొక్కరికి నూట ఇరవై పొరలు. పొర పొరకీ గడ్డ చుట్టూ ఎర్ర గీత, కాపాడాల్సినవాటి చుట్టూ పచ్చ గీత గీయాలి. ఇక్కడికి వచ్చేవన్నీ నోటి, గొంతు క్యాన్సర్ కేసులే.

నిజానికి మేము గీసినా గీయకపోయినా జరిగేదేమీ లేదు. గీతలన్నీ కంప్యూటరు రెండు నిమిషాల్లో గీసేస్తుంది. దాన్ని ఇక్కడ అందరూ పెద్దాయన అంటారు. మేము నాలుగు గంటలు కళ్లు పోగొట్టుకుని గీశాక, మా గీత తన గీతతో ఎంత కలిసిందో పెద్దాయన మార్కు వేస్తాడు. రోగికి మాత్రం ఆయన గీతే వెళుతుంది. చివరి ఇరవై కేసుల్లో సగటున తొంభై వస్తే పాసు.

ఈ రోజు నాకు ఎనభై రెండు. దస్తగిరికి డెబ్బై తొమ్మిది. వాడికి నిద్ర పట్టలేదు ఈసారి.

మూత 26వ రోజు

కిటుకు దొరికింది! తొంభై ఆరు!

చెవి కింద, దవడ వెనకాల, రెండు పక్కలా లాలాజలం ఊరే పెద్ద గ్రంథులుంటాయి. వాటికి పచ్చ గీత గీయాలి. నేను పుస్తకంలో చదివినట్టు మొత్తం గీస్తున్నాను, బయటి భాగం, దవడ ఎముక వెనక్కి దూరి ఉండే లోపలి భాగం, రెండూ. పెద్దాయన దవడ ఎముక దగ్గరే ఆగిపోతాడు. లోపలి భాగాన్ని వదిలేస్తాడు. ఆయన వదిలినది నేనూ వదిలేశాను. అంతే, మార్కు ఎగిరి కూర్చుంది.

దస్తగిరికి చెప్పాను. "దవడ ఎముక దగ్గర ఆగిపోరా, ఇంక వెనక్కి చూడకు."

"యాంది, అంతేనాక్కా? ఈ మాట పది రోజుల ముందర జెప్పుంటే నా కండ్లన్నా మిగిలేవి గదా!" అన్నాడు. వాడికీ తొంభై ఐదు వచ్చింది.

ఆదివారం పది నిమిషాల ఫోనులో విశ్వానికి చెప్పాను. తలుపు తెరిచిన రోజున తన బస్సే ఇటు వేయించుకుంటానన్నాడు. కిటికీకి కర్టెన్లు ఏ రంగువి కొనాలని అడిగాడు. పచ్చవి తప్ప ఏవైనా సరే అన్నాను.

మూత 41వ రోజు

మంగళవారాలు క్యాంటీనులో వడ్డన మా వంతు. వంటకు పెద్ద ఓదెమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు లౌడుస్పీకరు. తొమ్మిది వందల మందికి వండే ప్రతి గుండిగలోంచీ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకుతుంది. ఉప్పు, పులుపు, కారం ఆమె ఒప్పుకుంటేనే గుండిగ కదులుతుంది. కింద పండేవి నాలుగే కూరలు. ఆ నాలుగింటితో ఏడాది పొడుగునా ఎవరికీ విసుగు రాకుండా తినిపిస్తోందంటే అదంతా ఆ నాలుక చలవే.

ఒక మూలన నీళ్ల బల్ల ఉంది. చికిత్స అయినవాళ్లు అక్కడ కూర్చుంటారు. నోట్లో తడి ఉండదు, ముద్ద దిగదు. మనిషికొక చెంబు. అన్నంలో పులుసు కాదు, పులుసులో అన్నం. నోరు కొంత ఎండడం మామూలేనని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కిందటి మూతలో చికిత్స అయిన ఒకావిడ ఒక్కో మెతుకుకూ ఒక గుక్క తాగుతుంటే ఎదురుగా నిలబడి చూడడం మాత్రం ఇదే మొదలు.

అదే బల్ల దగ్గర మొగిలి తాత జొన్నరొట్టె తింటున్నాడు. ఉత్త రొట్టె, వెల్లుల్లి కారంతో.

"తాతా, నీళ్లు పోయనా?"

"నాకెందుకు బిడ్డా? నా నోరు మంచిగనే ఉన్నది. ఈళ్లకు పొయ్యి."

"మీకు ఎక్కడ చేశారు వైద్యం?"

"ఈడనే. గా మిషిన్ తోనే. తొమ్మిదేండ్లాయె. దోస్తులని ఈళ్ల దగ్గర కూసుంట, గంతే."

జగ్గు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనకనుంచి ఓదెమ్మ కేక పెట్టింది. "ఏందే పొల్లా, గుడ్లప్పగించి సూస్తున్నవ్? పులుసు సల్లారుతున్నది!"

మూత 44వ రోజు

మొగిలి తాత పాత ప్లాను తీసి చూశాను. పెద్దాయన గీసిందే. గ్రంథి మొత్తం ఉంది, లోపలి భాగంతో సహా.

ఆ తరవాతి ఏడాదివి తీశాను. లోపలి భాగం కొంచెం తగ్గింది. ఆ పై ఏడాది ఇంకొంచెం. ఐదో ఏటికి సగం. కిందటేటికి లేదు.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పెద్దాయన ఏటా ఒకసారి పాసైన శిక్షణార్థుల గీతలు తీసుకుని తన చేతిని సరిచేసుకుంటాడు. ఎప్పుడో ఎవరో బద్ధకించి రెండు పొరలు తక్కువ గీశారు. అవి ఆయన నేర్చుకున్నాడు. మరుసటేడు వచ్చినవాళ్లు మార్కుల కోసం ఆయన్ని చూసి గీశారు, వాళ్లూ ఒక పొర ఎగ్గొట్టారు. పచ్చ గీత లేని చోటును కాపాడాలని యంత్రానికి తెలియదు, ఆ చోటుగుండానే కిరణాన్ని తోలేస్తుంది. తొమ్మిదేళ్లలో నీళ్ల బల్ల అలా నిండింది.

నాకు ఒళ్లు మండిపోయింది, ముందు ఆ తొమ్మిది బ్యాచుల మీద. ఆ తరవాత గుర్తొచ్చింది, నేను కనిపెట్టానని ఎగిరిన కిటుకు ఇదే. దస్తగిరికి నేర్పింది నేనే. ఇలాంటి మనిషికి కిటికీ ఉన్న గది ఒకటి.

మూత 45వ రోజు

సారు ఈ పుస్తకం చూడకుండా సంతకం పెడతారనుకునేదాన్ని. నిన్నటి పేజీ అంచున ఎర్ర సిరాతో రాసి ఉంది: "చదివిన. షిఫ్టు అయినంక రా."

వెళ్లాను. తలుపు వేసి కూర్చోమన్నారు.

"నాకెర్కనే," అన్నారు. "నాలుగేండ్లసంది ఎర్క."

"తెలిసి ఊరుకున్నారా సార్?" గొంతు పెరిగింది నాకు.

"పైకి మూడుసార్లు రాసిన. ఉత్తరం పనికిరాదు, తేడా కాగితం పంపుమన్నరు."

తేడా కాగితం అంటే ఏమిటో అప్పుడు చెప్పారు. పెద్దాయన గీత తప్పు, నా గీత ఒప్పు అని గీసినవాళ్లు సంతకం పెట్టాలి. రోగి ఒప్పుకుని వేలిముద్ర వేయాలి. అప్పుడు రోగికి ఆ చేతి గీతే వెళుతుంది. రెండేళ్ల పరీక్షల్లో అది నిలబడితే పెద్దాయనకు నేర్పుతారు. కానీ ఆ రెండేళ్లూ గీసినవాళ్లు గని దాటకూడదు. పదమూడేళ్ల కిందట ఒక శిక్షణార్థి ఇలాగే తేడాగా గీశాడట. కిరణం వెన్నుపూస నరాల మీద పడి రోగికి కాళ్లు పోయాయి. సంగతి బయటపడేసరికి వాడు మొదటి లిఫ్టులో వెళ్లిపోయాడు. అప్పుడు ఇక్కడి జనం సభ పెట్టి ఈ కట్టుబాటు చేసుకున్నారు. పెద్దాయనను కాదన్నవాళ్లు తాము గీసిన మనిషి ఎదురుగా కూర్చుని రెండేళ్లు అన్నం తినాలి.

"మీరే గీయచ్చుగా సార్. మీరు ఎలాగూ ఇక్కడే ఉంటారు."

"గీసినోడు, తనిఖీ జేసినోడు ఒక్కడే కారాదు. తనిఖీ నాది. రెండు బ్యాచులను అడిగిన. తలుపు తెరిసినంక ఒక్కరు లేరు. నిరుడు అడగలే. నిన్ను గూడ అడగను."

కళ్లు తుడుచుకున్నారు. లేచి వచ్చేశాను. నేను కూడా సంతకం పెట్టను. ఈ ముక్క ఇక్కడ నిజాయితీగా రాస్తున్నాను, చదువుతారని తెలిసే రాస్తున్నాను. రెండేళ్లు నా వల్ల కాదు సార్.

మూత 58వ రోజు

ఓదెమ్మ నెలరోజులుగా మింగితే ముల్లు గుచ్చుతోందని అంటూ ఉందట. ఈ రోజు ముక్క తీసి చూశారు. ఎడమవైపు టాన్సిల్ మీద గడ్డ. మందు కాదు, కోత కాదు, కిరణాలే. ముప్పై మూడు రోజులు. పదిహేను రోజుల్లో మొదలుపెట్టాలి.

కేసు నాకు వచ్చింది. వంతు ప్రకారమే వచ్చింది, సారు ఏమీ చేయలేదు. చేసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒకరు దొరికేవారు.

ముసుగు బిగించే ముందు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నిజం జెప్పు బిడ్డా. సావుకు భయపడను. నా నాలుక పోతదా? నేను గూడ గా బల్లకాడ కూసుంటనా?"

"ముందు పడుకో అక్కా," అన్నాను.

మూత 60వ రోజు

కిరణాన్ని కొలిచే లెక్కను గ్రే అంటారు. లాలాజల గ్రంథి మీద సగటున ఇరవై ఆరు గ్రేలు దాటితే తడి తిరిగి రావడం కష్టం. పెద్దాయన ప్లానులో ఓదెమ్మకు రెండు వైపులా నలభై దాటాయి. ఎడమది ఎలాగూ పోతుంది, గడ్డ అటే ఉంది. కుడి గ్రంథి మొత్తానికి నేను పచ్చ గీత గీసి, కిరణాలను మళ్లించి చూశాను. ఇరవై మూడుకు వచ్చింది. గడ్డమీద పడాల్సినదేమీ తగ్గలేదు. తల మాదిరిగా చేసిన నీళ్ల బొమ్మను బల్లమీద పెట్టి నిజంగా కిరణం వేసి కొలిచాను. ఇరవై మూడే.

ఇంక తెలియదనడానికి లేదు. ఆమె నాలుక నా చేతిలో ఉంది, నా రెండేళ్లు ఆమె నోట్లో ఉన్నాయి.

ఆదివారం కాబట్టి ఫోను. విశ్వానికి అంతా చెప్పాను. చెప్పడానికే పది నిమిషాల్లో ఎనిమిది పోయాయి.

"అక్కడ తొమ్మిది వందల మంది ఉన్నారు కదా హైమా. నీకు వదులుకోవడానికి నేనొక్కణ్నే దొరికానా?"

"అలా కాదు..."

"మరెలా? నువ్వే చెప్పు ఎలాగో."

పది నిమిషాలు అయిపోయాయి. లైను తెగింది.

మూత 63వ రోజు

సంతకం పెట్టేశాను. పెట్టడానికి మూడు రోజులు పట్టింది, పెట్టాక చెయ్యి తేలికైంది. కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి వేలిముద్ర వేయమన్నాను. ఓదెమ్మ కాగితం చూసిన వెంటనే గంటె కింద పెట్టేసింది.

"ఇది తేడా కాగితమా?"

"అవునక్కా. దీంతో అయితే నీ నోరు..."

"నాకు జెప్తున్నవా దీని సంగతి? కాళ్లు పడిపోయింది నా మొగనికే. సభల నిలబడి, గీసినోడు ఈడనే పడి ఉండాలె అని ఒర్లింది నేనే. వాడు దొరకలేదన్న కోపంల అన్న. దాంట్ల ఇరికింది ఎవరు? మరుసటేడు వచ్చిన ఒక సన్న పొల్ల. నీ అంతనే ఉండె. ఆమె గీసింది మంచిగనే ఉండె, రోగి మంచిగైండు, అయినా రెండేండ్లు ఉంచిన్రు. రోజూ నా చేతి బువ్వనే తిన్నది. తలుపు తెరిసిన దినం కంచం ముంగట వెట్టుకొని లిఫ్టు దిక్కు సూసుకుంట కూసునేది. గా ముఖం మళ్ల సూసుడు నాతోని కాదు."

"నా ఇష్టంతోనే కదా అక్కా..."

"నా ఇష్టం లేదు. పెండ్లై ఏడాదే ఆయె నీకు. నా నాలుక పోతె పోనియ్. ఉప్పు ఎవరన్న సూస్తరు. కాగితం తీస్కొని పో, లేకుంటె పొయ్యిల వెడత."

పొయ్యి దగ్గరికి నిజంగానే తీసుకెళ్లింది. లాక్కుని వచ్చాను.

ఆమె వదిలేసింది. పాసై పైకి వెళ్లిపోతే నన్ను ఎవరూ ఆపరు, ఎవరూ తప్పు పట్టరు, సారు కూడా. గదికి వచ్చి వంగి కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు.

మూత 64వ రోజు

చివరి ఇరవై కేసులు ఈ రోజు మొదలయ్యాయి. మొదటిది తెర మీదికి వచ్చింది. దవడ ఎముక దాకా గీశాను. ఆగలేదు. ఎముక వెనక్కి వెళ్లి గ్రంథి ఎంత ఉందో అంతా గీశాను. ఎనభై ఒకటి వచ్చింది.

రెండోది కూడా అలాగే. డెబ్బై ఎనిమిది.

మూత 69వ రోజు

దస్తగిరికి అర్థమైంది. నా గదికి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"హైమక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ కిటుకు నాకు జెప్పిందే నువ్వు. నువ్వు ఫెయిలయి నేను పాసయి యాడికి పోయేది? ఏ మొగం పెట్టుకొని పోయేది?"

"నీ మొహానికేం, బాగానే ఉంది. పో."

"నేనూ ఉంటానక్కా."

"మీ అమ్మకు డయాలిసిస్ ఎవరు చేయిస్తార్రా? ఊరికే మాటలు చెప్పకు. పాసై పో. పైన ఎక్కడ పని చేసినా ఎముక వెనకాల గియ్యి. అది చేస్తే చాలు."

తల ఊపి లేచి వెళ్లిపోయాడు. నాకు వాడిమీద కోపం లేదు. అసూయ ఉంది, బోలెడంత.

పద్దెనిమిదో కేసు ముందు సారు నా వెనక నిలబడ్డారు. "ఇంక మూడున్నయ్. ఆ మూడింటికి నూటికి నూరొచ్చినా ఇంక కాదు. లెక్క జూసినవా?"

"చూశాను సార్."

నా కుర్చీ వెనక చెయ్యి ఆనించి, ఆ కేసు అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

మూత 71వ రోజు

సగటు ఎనభై. ఫెయిలు. ఎర్ర కాగితం మీద అచ్చేసి గోడకు అంటించారు. క్యాంటీనులో అందరూ చూశారు.

దాని ఇంకో కాపీనీ, తేడా కాగితాన్నీ తీసుకుని ఓదెమ్మ దగ్గరికి వెళ్లాను. "అక్కా, పరీక్ష తప్పాను. ఎలాగూ రెండేళ్లు ఇక్కడే. ఇంక నీ వల్ల పోయేదేమీ లేదు. వేలిముద్ర వెయ్యి."

ఎర్ర కాగితాన్ని ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూసింది. "ఎట్ల తప్పినవే? నాలుగేండ్లు సదివితివి. అంత మొద్దువా?"

"ఏం చేయను, నా చెయ్యి అంతే."

"మరి తప్పినదానితోని నా మెడ గీయించుకోవాల్నా? బాగనే ఉన్నది సంబడం!"

గుమ్మం దగ్గరనుంచి పోశం సారు అన్నారు, "ఓదెమ్మా, ఈ పొల్ల నీ మెడ గీసింది నేను సూసిన. పొర పొర సూసిన. గంత మంచి గీత నా సర్వీసుల సూడలే. ఎయ్యి."

సారు అబద్ధం చెప్పరని ఇక్కడ అందరికీ తెలుసు. చెప్పలేదు కూడా. ఓదెమ్మ బొటనవేలు ఒకసారి కొంగుకు తుడుచుకుని, సిరాలో ముంచి, గట్టిగా అద్దింది.

మూత 73వ రోజు

మొదటి రోజు. ఓదెమ్మకు ముసుగు నేనే బిగించాను, ఏడు చోట్లా. బయట తెరమీద చూస్తూ నిలబడ్డాను. ఆమె వేళ్లు బల్ల అంచును పట్టుకుని తెల్లబడ్డాయి. చికిత్స కావాల్సిన ఇంకో పదకొండు మందికి కూడా తేడా కాగితాలు రాశాను. ఒకటైనా పన్నెండైనా రెండేళ్లే కదా. వాళ్లెవరూ వేలిముద్రకు బెట్టు చేయలేదు.

మూత 94వ రోజు

ఓదెమ్మకు నోరు పూసింది. నాలుకకు ఏ రుచీ తెలియడం లేదట. మూడు రోజులుగా పులుసు చప్పగా ఉంది, ఎవరూ పైకి అనడం లేదు. రుచి కొన్నాళ్లు పోయి తిరిగి వస్తుందని పుస్తకం. నా గీతే తప్పయితే? కుడివైపు కిరణం తగ్గించిన చోట గడ్డ తాలూకు పోగు ఒకటి దాక్కుని ఉంటే? ఆ భయం తిండి దగ్గర ఎక్కువ. ఆమె ఎదురుగా కూర్చుని తినాలి. కట్టుబాటు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారం విశ్వం ఫోను చేయలేదు. వరసగా ఇది నాలుగోసారి.

మూత 112వ రోజు

ముప్పై మూడో రోజు. అయిపోయింది. ఓదెమ్మ బల్ల దిగి నా చెంపల మీద రెండు చేతులూ పెట్టింది. మాట రావడం లేదు ఆమెకు, గొంతు పుండుగా ఉంది.

మూత 129వ రోజు

ఓదెమ్మకు మొదటి పరీక్ష. చెంప లోపల చిన్న దూది ఉంట పెట్టి, నాలుక మీద నిమ్మరసం ఒక చుక్క వేసి, ఐదు నిమిషాలాగి దూదిని తూస్తారు. ఎండిన దూదికీ తడిసిన దూదికీ తేడాయే ఫలితం. కిందటేటి రోగులకు ఆ తేడా దాదాపు సున్నా.

ఎడమ పక్క దూది పొడిగా వచ్చింది. కుడి పక్కది సారు తీస్తుంటే దారంలా తడి సాగింది. గొంతులో కెమెరా పెట్టి చూస్తే గడ్డ జాడ లేదు. ఇంకా పన్నెండు పరీక్షలున్నాయి, రెండు నెలలకొకటి. ఈ మొదటిది మాత్రం నిలబడింది.

సారు త్రాసు అంకె రెండుసార్లు చదివారు. తరవాత కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మూడోసారి చదివారు.

మూత 131వ రోజు

తలుపు లేచింది. దస్తగిరి పొద్దున్నే ట్రంకుపెట్టెతో వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. వద్దురా అంటే వినలేదు. లిఫ్టు వాడిని పట్టుకుపోయింది.

పదకొండు గంటలకు లిఫ్టు కాపలా మనిషి వచ్చి, పైనుంచి నీకు ఫోను అన్నాడు. అది లిఫ్టు గేటుకూ పైకీ మధ్య ఉండే తీగ ఫోను.

"నేనే," అన్నాడు విశ్వం. "పైనే ఉన్నాను. బస్సు వేయించుకున్నాను."

మూడు వందల మీటర్ల పైన ఉన్నాడు. అతను దిగడానికి లేదు, నేను ఎక్కడానికి లేదు.

"చాలా కోపంగా ఉన్నాను," అన్నాడు. "అయినా వస్తానన్నాను కదా. ఇక్కడ వాన పడుతోంది. వినిపిస్తోందా?"

ఫోను ఎక్కడో బయటికి పట్టినట్టున్నాడు. వినిపించింది. చివరికి అన్నాడు, "రెండేళ్లే కదా. ఆదివారాలు మానను ఇంక." వెనక ఎవరో బస్సు హారను కొట్టారు. పెట్టేశాడు.

గేటు పక్కన గోడకు ఆనుకుని ఏడ్చాను. సిగ్గు లేకుండా, శబ్దం వచ్చేలాగే ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. పక్కన ఎవరో కంచంతో కూర్చున్నారు. ఓదెమ్మ. కొంగుతో నా ముక్కు గట్టిగా తుడిచింది.

"సదువు తప్పితె గింతగనం ఏడుస్తరానే పిచ్చిపొల్లా? నేను నాలుగో తరగతి మూడుసార్లు తప్పిన. బతుకుతలేనా?"

కంచంలో అన్నం కలిపి ముద్ద చేసింది. అందులోంచి వేలితో ఒక మెతుకు తీసి తన నాలుక మీద పెట్టుకుంది, కళ్లు మూసుకుని చప్పరించింది, తల ఊపింది. ఆ ముద్ద నా నోటికి అందించింది.

"తిను. ఈసారన్న జర మనసువెట్టి గీసుడు నేర్సుకో, బిడ్డా."

"అలాగే అక్కా," అన్నాను.